ఇప్పుడెంత బాబాయి

మా బాబాయికి గతమంటే గిట్టదు. ఎవరైనా “నిన్న ఏం జరిగిందంటే...” అని మొదలుపెడితే చాలు, చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. “అదంతా ఎందుకు? ఇప్పుడెంత? పెరుగుతోందా, తగ్గుతోందా?” అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, మా ఆఫీసులో అందరికీ ఆయన ఇప్పుడెంత బాబాయే. ఆయన పక్క కుర్చీ నాది, ఏం చేస్తాం, నా ఖర్మ.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. లిఫ్టులు, క్రేన్లు తయారు కాకముందే వాటిని కంప్యూటర్లో నడిపి చూడడం మా పని. తెర మీద డబ్బాలు పెట్టి, బాణాలతో కలుపుతాం. వాటన్నిటికీ పెద్ద దిక్కు స్థితి డబ్బా. లిఫ్టు ఇప్పుడు ఎక్కడుంది, ఎంత వేగంతో ఎటు పోతోంది, ఈ రెండూ చెబితే చాలు, ఇకముందు ఏమవుతుందో అదే లెక్కగట్టేస్తుంది. పొద్దున్నుంచి ఎన్ని అంతస్తులు ఎక్కి దిగిందో దానికి అనవసరం. ఆ డబ్బాతో ఏళ్ళ తరబడి కాపురం చేసి బాబాయి కూడా అలాగే తయారయ్యాడు.

ఒకసారి పిన్నికి పన్నునొప్పి వచ్చింది.

“మొన్న ఆ గట్టి బిస్కెట్టు కొరికినప్పుడే అనుకున్నానండీ...”

“బిస్కెట్టు వద్దు. ఇప్పుడెంత?”

“చాలా.”

“పెరుగుతోందా, తగ్గుతోందా?”

“మిమ్మల్ని చూస్తుంటే పెరుగుతోంది.”

పెరుగుతోందంటే చాలు, ఆయన చెప్పులేసుకుంటాడు. అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ డాక్టరు “ఎప్పటినుంచమ్మా నొప్పి?” అని అడిగిన పాపానికి ఆయనతో గొడవ పెట్టుకుని వచ్చాడు.

పోయిన నెల మా గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. దానికోసం తల నెరిసిన మనిషి ఒకాయన వచ్చాడు. బయట మంచినీళ్ళిస్తే గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. “ఏడాదిగా ఖాళీగా ఉన్నానమ్మా. ఇది కూడా పోతే ఈ పనికో దణ్ణం పెట్టేస్తాను” అన్నాడు. నాకు జాలేసింది.

లోపల మేనేజరు, బాబాయి, నేను. “పాత ఉద్యోగం ఎందుకు పోయింది?” అన్నాడు మేనేజరు. కొత్తాయన మొహం పాలిపోయింది.

“అదీ... ఒక క్రేనండీ...”

“అదంతా ఎందుకు?” బాబాయి చెయ్యి అడ్డం పెట్టేశాడు. “ఇప్పుడేం వచ్చు?”

“నేను అడుగుతున్నాను కదండీ!” అన్నాడు మేనేజరు.

“మీరడిగేది గతం. అది నా డబ్బాలో పట్టదు.” కంప్యూటరు కొత్తాయన వైపు తిప్పాడు. “ఇదిగో, తాడుకి బరువు వేలాడుతున్న క్రేను. నడిపించండి.”

నాకు ఒళ్ళు మండింది. క్రేను పేరెత్తితేనే వణికిపోతున్న మనిషికి మళ్ళీ క్రేనే ఇవ్వాలా? లిఫ్టులకేం కరువొచ్చింది?

కొత్తాయన కాసేపు తెర వంక చూశాడు. నేరుగా స్థితి డబ్బా తెరిచి, అడుగున ఉన్న చిన్న గడి దగ్గర ఆగాడు. మొదలయ్యేటప్పటికి బరువు ఎలా ఉందో అందులో నింపాలి. మనం ముట్టుకోకపోతే అక్కడ సున్నా ఉంటుంది, బరువు కదలకుండా వేలాడుతోందని డబ్బా నమ్మేస్తుంది. సగంమంది దాని జోలికే పోరు.

“మొదట్లో బరువు నిలకడగా ఉందాండీ, ఊగుతోందా?”

“ఊగుతోంది.”

“ఎంత? ఎటు?”

మేనేజరు నవ్వాపుకోలేక దగ్గాడు. బాబాయి ప్రశ్న బాబాయికే వేసిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు.

“సోమవారం వచ్చేయండి” అన్నాడు బాబాయి. మేనేజరు కూడా కాదనలేదు.

సాయంత్రం వాళ్ళింట్లో బాబాయి పక్కన కూర్చుని టీ తాగుతూ మొదలుపెట్టాను. “పిన్నీ, ఇవాళ ఆఫీసుకి ఒకాయన...”

“ఎవరూ, లెక్కలో సున్నా మార్చడం మరిచిపోయి అసలు క్రేనుతో గోడ కూలగొట్టించాడట, ఆయనేనా? ఉద్యోగం వచ్చిందా పాపం?”

నేను నోరు తెరిచాను. “నీకెలా తెలుసు?”

“మీ బాబాయి ఆ పాత ఆఫీసుకి ఫోన్ చేసి అంతా కనుక్కున్నారుగా. ఎవరికీ దెబ్బ తగల్లేదట. ఆయన్ని మళ్ళీ ఆ గోడ ముందు నిలబెట్టకూడదని వారం నుంచి ఒకటే గొణుగుడు.”

“అన్నీ తెలిసే మేనేజరుకి అడ్డుపడ్డావా, బాబాయ్?”

“సున్నా దగ్గరే ఆగి అడిగాడు కదే. ఆ గోడ మొత్తం అందులోనే ఉంది. మళ్ళీ నోటితో చెప్పించడం దేనికి?”

ఇన్నాళ్ళూ ఈ మనిషినా మేం ఆటపట్టించింది! లేచి దణ్ణం పెడదామనుకున్నాను. ఈలోగా పిన్ని అందుకుంది.

“అంటే గతం గుర్తుంటుందన్నమాట. మరి నిన్న మన పెళ్ళిరోజు?”

బాబాయి కప్పు కింద పెట్టాడు. “అది మాత్రం నిజంగా మరిచిపోయానే.” భయంభయంగా అడిగాడు. “కోపం ఇప్పుడెంత?”

“పెరుగుతోంది” అంది పిన్ని, కొంగు చాటున నవ్వు దాచుకుంటూ.

బాబాయి లేచి చెప్పులేసుకున్నాడు.