అమ్మ నా వెనకాల పరిగెత్తిన ఏడాది

మా చిన్నప్పుడు... పాల్వంచ కాలనీలో మా క్వార్టర్ మెట్ల మీద, ఇంకా వెలుగు రాకముందే, అమ్మ కూర్చుని నాన్న పాత కాన్వాస్ బూట్లు తొడుక్కునేది. అవి ఆమెకు పెద్దవి. ముందు భాగంలో పాత చీర పీలికలు కుక్కి లేసులు బిగించేది. పక్కింటివాళ్ళు లేవకముందే గేటు దాటాలని తొందర...

దానికంతటికీ కారణం నేనే. ఎనిమిదో తరగతిలో ఉండగా మా పీఈటీ సారు, "నువ్వు దూరం ఉరికే పిల్లవే. రోజూ ప్రాక్టీసు చెయ్యి. చలికాలంల ఖమ్మంల జిల్లా సెలక్షన్లుంటయ్" అన్నారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

నాన్న మాత్రం ఒప్పుకోలేదు. ఆయనది థర్మల్ పవర్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ.

"అడివి రోడ్డు. లారీలు తిరుగుతయ్. పిల్ల ఒక్కతే పోతదా? ఎవరన్న తోడుంటే పొమ్మను."

"నేను పోత తియ్" అంది అమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టాం. నేను ముందు పరిగెత్తేదాన్ని, అమ్మ వెనక నడిచేది. కల్వర్టు దగ్గర ఆగి ఆమె కోసం చూసేదాన్ని. కొన్నాళ్ళకు ఆమెకే విసుగొచ్చింది.

"నువ్వు కనబడకుంట పోతున్నవ్. ఎన్కలుండి నేను బుగులు పడుడేంది?" అని కుచ్చిళ్ళు ఎగదోపుకుని తానూ పరుగందుకుంది. ఒక కరెంటు స్తంభం దాకా పరుగు, ఇంకో స్తంభం దాకా నడక... డొక్కలో నొప్పి అంటూ మధ్యలో రోడ్డు పక్కనే కూలబడేది.

ఇప్పపూలు రాలే రోజులవి. గంపలు పట్టుకుని అడవిలోకి పోయే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి ఆగిపోయేవాళ్ళు. ఒకామె కంగారుగా అడిగింది...

"ఏందమ్మా, బస్సు పోయిందా?"

అమ్మ రొప్పుతూనే, "అవ్, పోయింది. మల్ల రేపొస్తది" అంది. వాళ్ళంతా ఒకటే నవ్వు!

కొన్ని రోజులు కాళ్ళు వాటంతటవే సాగేవి. కొన్ని రోజులు ఎంత ఈడ్చినా కదిలేవి కావు... గొంతులో బూడిద లారీల దుమ్ము, పట్టేసిన పిక్కలు. ఇంటికి రాగానే నేను చాప మీద పడిపోయేదాన్ని. అమ్మకు ఆ వీలేదీ? నీళ్ళు పట్టాలి, నాన్నకు క్యారేజీ కట్టాలి, నాకు జడలు వేయాలి. మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ, గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయేది.

వానలు పడ్డాక నాకు మలేరియా వచ్చింది. దవాఖానా, చేదు మాత్రలు, చెవుల్లో హోరు... తగ్గాక మొదటి రోజు కల్వర్టు దాకా కూడా పోలేకపోయాను. అన్ని నెలల కష్టం ఒక్క జ్వరంతో పోయింది. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను.

"నాతోని కాదమ్మా. ఇగ రాను."

అమ్మ బుజ్జగించలేదు. కాసేపు రోడ్డు వంక చూసి, "సరే. నాకు పొద్దున లేసుడు అలవాటయింది. నేనైతే పోత" అంది.

నిజంగానే పోయింది! నేను దుప్పట్లో పడుకుని గేటు చప్పుడు వినేదాన్ని. ఎందుకో కోపం వచ్చేది.

ఓ రోజు నాన్న డ్యూటీ దిగి వస్తూ ఆమెను రోడ్డు మీద చూశాడు. ఇంటికొచ్చాక అడిగాడు.

"పిల్ల ఇంట్లనే పన్నది గద, నువ్వెవరికి తోడు పోతున్నవే?"

అమ్మ కొంచెం ఆలోచించి, "నాకే" అంది.

మర్నాడు నేను లేచాను.

ఆ రోజు అమ్మను అందుకోలేకపోయాను. ముందు ఆమె, చెమటకు తడిసిన రవిక, పెద్ద బూట్ల టపటప... వెనక నేను. కల్వర్టు దగ్గర ఈసారి ఆమె ఆగి ఉంది. "నిమ్మలంగ రా. జల్దేం లేదు" అంది.

చలికాలంలో ఖమ్మం వెళ్ళాం. సగం దూరం బాగానే పరిగెత్తాను. తర్వాత కాళ్ళు బరువెక్కాయి. అడవి ఊళ్ళ నుంచి వచ్చిన హాస్టల్ పిల్లలు ఉత్త కాళ్ళతో, ఒకరి తర్వాత ఒకరు నన్ను దాటుకుని పోయారు. సెలెక్టయిన పేర్లు చదివారు. నా పేరు లేదు.

అమ్మ గ్లూకోజు నీళ్ళ సీసా చేతికిచ్చింది. "ఆఖరికైతే రాలేదు గద" అంది. అంతే.

తిరుగు బస్సులో ఆమె భుజం మీద తల వాల్చాను. చూస్తే తనప్పటికే నిద్రలో ఉంది... ఇద్దరం అలాగే పడుకుని పాల్వంచ దాటిపోయాం! కండక్టర్ లేపి తర్వాతి స్టేజీలో దింపాడు. పొద్దు గూకుతుండగా ఇద్దరం వెనక్కి నడిచాం.

"ఉరుకుదామానే?" అంది అమ్మ.

"నీకు దండం పెడ్తనమ్మా, నడు."

పదో తరగతి, ట్యూషన్లు వచ్చాక నేను మానేశాను. అమ్మ ఇంకొన్నాళ్ళు పోయింది. మోకాలు వాచాక తనూ మానేసింది. చివరిసారి ఏ రోజు పోయిందో ఆమెకూ గుర్తులేదు.

ఇప్పుడు నేనుండే ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మా సందులోనే తెల్లారి ఎంతోమంది ఆడవాళ్ళు పరిగెడతారు. మంచి బూట్లు, చేతికి గడియారాలు, ఎవరి చెవుల్లో వాళ్ళ పాటలు... నేను కిటికీలోంచి చూసి, అలారం కట్టేసి మళ్ళీ పడుకుంటాను. అప్పటి అమ్మ వయసే నాది. ఆఫీసు, ఇల్లు అయ్యేసరికి ఒళ్ళు మూటలా ఉంటుంది.

మొన్న ఫోన్లో అడిగాను, "అమ్మా, అంత పని చేసుకుంట, అప్పుడు నీకు ఎట్ల చాతనయిందే?" అని.

"యాడ చాతనయిందే... లేసినప్పుడు రోజూ చాతగాకపోయేది. నువ్వు ముంగట పోతుంటే రాక ఏం జేస్త?"



మీ ఇంట్లోనూ ఇలా, ఒంట్లో ఓపిక లేకున్నా మీ వెంట వచ్చినవాళ్ళు ఉన్నారా? ఎక్కడి దాకా వచ్చారు?... రాయండి, చదువుతాను. ఈ రోజుల్లో అన్నిటికీ సౌకర్యాలు ఉన్నాయి గానీ, వెనకాల ఒకరి అడుగుల చప్పుడు మాత్రం వినబడటం లేదు.