మూడో డబ్బాలో నాలుగో తూటా

రాయచోటి దగ్గరి పల్లె నుంచి వచ్చిన రామాంజులు దోహాలో, అల్ హిలాల్‌లోని ఒక విల్లాలో తొమ్మిదేళ్లుగా డ్రైవరు. ఆ చలికాలం అతనికి ఇంకో పని తోడైంది. యజమాని జాసిమ్ జింకల వేటకు అమెరికా వెళ్లబోతున్నాడు. వెళ్లే చోట రైఫిల్‌కు అనుమతి లేదు. షాట్‌గన్‌లో స్లగ్ అనే ఒంటి సీసపు గుండు వేసి కొట్టాలి. ఏ తుపాకికి ఏ కంపెనీ స్లగ్ సూటిగా పోతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. అందుకని శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ ఊరి బయటి షూటింగ్ రేంజికి వెళ్లారు. దుర్భిణిలో చూసి, కాగితం మీద పడ్డ చిల్లులను పుస్తకంలో గుర్తుపెట్టడం రామాంజులు పని. తుపాకి ముట్టుకోడు.

యాభై మీటర్ల దూరం, రకానికి ఒక డబ్బా, డబ్బాకు ఐదు తూటాలు. మొదటి రకం చిల్లులు భోజనం పళ్లెమంత మేర చెదిరాయి. రెండోది అరచేతిలో పట్టేలా పడింది. మూడో రకంలో మొదటి మూడు చిల్లులూ ఒకదాన్నొకటి తాకాయి. జాసిమ్ ఆ రోజు మొదటిసారి నవ్వి, నాలుగోది కాల్చాడు.

ప్రతిసారీ వెనక్కి తన్నే తుపాకి ఈసారి కొంచెమే కదిలింది. చెవులకు రక్షణ కప్పులుండడంతో చప్పుడులో తేడా జాసిమ్‌కు తెలియలేదు. రామాంజులు దుర్భిణిలో చూశాడు. కాగితం మీద కొత్త చిల్లు లేదు, వెనక మట్టిగట్టు మీద దుమ్మూ లేవలేదు. గురి తప్పిందనుకుని జాసిమ్ గొట్టం కింది పంపు పిడిని లాగి తోశాడు. ఐదో తూటా లోపలికి వెళ్లింది.

రామాంజులు తండ్రి వేరుశనగ చేలకు కాపలా ఉండేవాడు. ఒకసారి అడవిపందిని బెదిరించబోయి, నాటు తుపాకి పేలకపోతే లోపలున్న మందు మీదే మళ్లీ మందు కూరి కాల్చాడు. రెండు వేళ్లు పోయాయి. ఆ చేతికి తుండు చుట్టినవాడు రామాంజులే.

"వగ్గఫ్, బాబా. గోలీ అందర్ హై," అన్నాడు. ఆగమని, గుండు లోపలే ఉందని. అంతటితో ఆగక యజమాని భుజం గట్టిగా పట్టుకున్నాడు. తొమ్మిదేళ్లలో అతణ్ణి తాకడం అదే మొదలు. జాసిమ్ ముఖం ఎర్రబడింది. చెయ్యి తియ్యమన్నాడు. రామాంజులు తియ్యలేదు. ట్రిగ్గర్ మీది వేలు పక్కకు జరిగేదాకా అలాగే నిలబడ్డాడు.

రేంజిలో పనిచేసే కదిరి మనిషి ఫయాజ్ పరుగున వచ్చి తూటా తీయించి, గొట్టం విప్పి వెలుతురుకు ఎత్తి చూశాడు. అవతలి వైపు కనబడలేదు. ఇత్తడి కడ్డీతో చాలాసేపు కొడితే సీసపు ముద్ద బల్ల మీద పడింది.

"ఇంగోటి కాల్చింటే గొట్టం పగిలేదన్నా. ఆయప్ప మొగం మిగిలేది కాదు," అన్నాడు ఫయాజ్ తెలుగులో.

జాసిమ్ నీళ్లు తాగి, మూడో రకం గురి బాగుంది కదా, ఒక్క తూటాయే కదా చెడ్డది అన్నాడు. రామాంజులు పుస్తకంలో రెండో రకం పేజీ తెరిచి చూపించాడు. అరచేతి మేర జింకకు చాలని, ఇవి ఐదూ పేలాయని, మూడో రకాన్ని మాత్రం నమ్మలేమని తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు. జాసిమ్ పుస్తకం మూసి కారు వైపు నడిచాడు.

ఆ సాయంత్రం భార్య శివకుమారికి ఫోన్ చేసి, యజమాని మీద చెయ్యి వేసినందుకు పని పోతుందేమోనన్నాడు.

"మనిషి బతికినాడు గదా. పంపిస్తే వచ్చెయ్," అంది ఆమె.

మూడో రోజు జాసిమ్ అతణ్ణి అతిథులు కూర్చునే మజ్లిస్‌లోకి పిలిచాడు. అక్కడ స్నేహితులు కూర్చుని ఉన్నారు. రామాంజులును పక్కన కూర్చోబెట్టుకుని, తానే గహ్వా కాఫీ పోసి ఇచ్చి, జరిగింది వాళ్లకు చెప్పాడు. మరుసటి శుక్రవారం రెండో రకంవి ఇరవై కాల్చాడు. ఇరవయ్యీ పేలాయి.

నెల తర్వాత విమానాశ్రయం నుంచి వస్తూ జాసిమ్ వేట కబుర్లు చెప్పాడు. ఆ రకం స్లగ్‌తోనే నలభై మీటర్లలో ఒక జింక ఒక్క దెబ్బకు పడింది. ఇంకోటి చాలా దూరాన కనబడితే, అంత దూరం ఆ స్లగ్‌ను కాల్చి చూడలేదు కదా అని గురిపెట్టి కూడా కాల్చలేదట. రామాంజులు మంచి పనేనని తలూపి, సిగ్నల్ పడడంతో కారు ఆపాడు.