ఇద్దరు ఆడాల్సిన ఆట

పెళ్లయిన కొత్తలో మేము మల్కాపురంలో అద్దెకుండేవాళ్లం. మేము అంటే ఎక్కువగా నేనే. మా ఆయన సరుకు ఓడలో ఫిట్టరు, వెళ్తే నెలల తరబడి సముద్రం మీదే. తొంభైల చివరి మాట ఇది. మా వాటాలో ఫోన్ లేదు. ముందు వాటాలో ఇల్లుగలావిడ ఉండేది. నర్సుగా చేసి రిటైరయింది, పెళ్లి చేసుకోలేదు. వీధంతా ఆవిణ్ణి సిస్టరమ్మ అనేవారు. ఆయన ఆవిడ ఇంటికి ఫోన్ చేస్తే నా కిటికీ తట్టి పిలిచేది. అంతకు మించి మా మధ్య మాటల్లేవు.

ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు ఆయన టీవీకి తగిలించే వీడియో గేమ్ తెచ్చాడు. ఏదో దేశపు రేవులో, పాత సామాన్ల కొట్లో కొన్నాడట. దాంతో ఆడే రిమోట్లు రెండు, ఒకే ఒక్క క్యాసెట్. దాని మీది అక్షరాలు ఏ భాషవో మాకు తెలియలేదు. నాకు పొద్దుపోతుందని చెప్పి ఓడెక్కేశాడు.

తెర మధ్యలో నిలువుగా ఒక గోడ. అటొక బొమ్మ, ఇటొక బొమ్మ. ఒక బొమ్మ నేలమీది పలక మీద నిలబడితే గోడకి రెండో వైపు తలుపు తెరుచుకుంటుంది. అలా ఒకరికొకరు దారి చేసుకుంటూ పైకెక్కి, గోడ చివర కలుసుకోవాలి. మొదటి తలుపు తెరుచుకున్నప్పుడు ఎంత ముచ్చటేసిందో. ఇంత మంచి ఊహ వచ్చినవాడు ఆటను అంత కర్కశంగా ఎందుకు కట్టాడో మాత్రం అర్థం కాలేదు. ఒక్కరే ఆడితే రెండో బొమ్మకి మారడానికి మీట నొక్కాలి. తెర కాసేపు నల్లబడుతుంది. ఈలోగా చాలాసార్లు మొదటి బొమ్మ పలక దిగిపోయి తలుపు మూసుకుపోతుంది. దారిలో అడ్డొచ్చే దిమ్మెను తప్పుగా తోస్తే వెనక్కి లాగే వీల్లేదు. చిక్కుకుపోయావని ఆట చెప్పదు, టైము అయ్యేదాకా ఊరికే తిరగనిస్తుంది. ఆపైన మళ్లీ మొదట్నుంచీ. కరెంటు పోయినా అంతే.

ఒక మధ్యాహ్నం అలాగే ఓడిపోయి, రిమోట్ మంచం మీదకి విసిరేసి ఏడ్చాను. ఆట కోసం కాదని ఏడుస్తుండగానే తెలుస్తోంది. తలెత్తితే గుమ్మంలో సిస్టరమ్మ. ఫోనొచ్చిందేమోనని లేచాను. కాదు, ఆరేసిన బట్టల మీద ఫ్యాక్టరీ మసి పడుతోందని చెప్పడానికి వచ్చిందట. నా మొహం చూసింది. టీవీ వంక చూసి, ఆ బొమ్మలేటని అడిగింది. చెప్పాను. శ్రద్ధగా విని కుర్చీ లాక్కుంది.

"రిమోట్లు రెండున్నాయి కదేటి. ఒక బొమ్మని నాను నడుపుతాను."

అప్పట్నుంచి భోజనాలయ్యాక కళ్లజోడు పెట్టుకుని వచ్చేది. ఆవిడ వేళ్లు సరిగా వంగేవి కావు. నాకేమో తొందర. మా మాటలన్నీ ఆగు, దిగకు, ఇప్పుడు రా. మధ్యలో ఎప్పుడైనా ఆసుపత్రి సంగతులు. డ్యూటీ నుంచి వచ్చాక ఎవరు పలకరించినా చిరాకేసేదని, ఇప్పుడు పలకరించేవాళ్లే లేరని ఒకసారి మామూలుగా చెప్పింది.

వానాకాలం వెళ్లేసరికి పైకి చేరాం. గోడ అయిపోయింది. బొమ్మలు రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. చిన్న పాట మోగింది, తెర నల్లబడింది, మళ్లీ ఆట మొదటికే వచ్చింది.

"అయిపోనాదా?" అంది.

అయిపోయిందన్నాను.

"కలిసేక ఏటీ సూపించడా?"

ఇద్దరం నవ్వాం. ఆవిడ చాలాసేపు రిమోట్ కింద పెట్టలేదు.

మర్నాడు రాలేదు. నేనూ పిలవలేదు. ఆట అయ్యాక ఒకరి గుమ్మం ఒకరు ఎక్కడానికి మాకు ఇంకో కారణం దొరకలేదు.

మరుసటి వేసవిలో ఆయన ఓడ మానేసి ఒడ్డునే ఉద్యోగం చూసుకున్నాడు. ఊరి చివర పెందుర్తికి మారిపోయాం. వెళ్లేటప్పుడు ఆ గేమ్ సిస్టరమ్మకే ఇచ్చేశాను.

చాలాకాలానికి ఓసారి ఆవిణ్ణి చూడ్డానికి వెళ్లాను. గేమ్ చర్చిలో సండే స్కూలు పిల్లలకి ఇచ్చేసిందట. ఆటలో తుపాకీతో కాల్చడానికి ఎవరూ లేరని వాళ్లకి నచ్చలేదట. టీ పెట్టి ఇచ్చి, ఎదురుగా కూర్చుని నన్నే చూసింది.

"అక్కడ బాగున్నాదా? సుట్టుపక్కలోళ్లు మాటాడతారా?"

బాగుందన్నాను. మా కాలనీలో ఇంటికీ ఇంటికీ మధ్య తుప్పలు పెరిగిన ఖాళీ స్థలాలేనని, పొద్దున్న వెళ్లిన మా ఆయన చీకటిపడ్డాకే వస్తాడని, మధ్యాహ్నాలు టీవీ కూడా పెట్టుకోబుద్ధి కాదని చెప్పలేదు. ఆవిడ చెప్పులేసుకుని నాతోపాటు బస్సు స్టాపు దాకా వచ్చింది. బస్సు ఆలస్యమైంది. అది వచ్చేదాకా ఎండలో నా పక్కనే నిలబడి ఉంది.