డాబా మీది వాననీళ్లు

వాననీళ్లు పట్టి ఇంట్లో వాడుకుందామన్న మాట మా కోడలిది. వద్దన్నది నేను. ఇప్పుడు వీధిలో అందరికీ ఆ నీళ్ల గొప్ప నేనే చెబుతుంటాను కాబట్టి, ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

సీతాఫల్‌మండిలో మా ఇంటి బోరు ఆ ఎండాకాలం పూర్తిగా ఎండిపోయింది. నల్లా మూడు రోజులకోసారి వచ్చేది. కోడలు పిల్లలకు పాఠాలు చెప్పి బడి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడేది. అది చూస్తూ కూడా నేను వద్దన్నాను. ఎందుకంటే డాబా నాది. ఏటా వేసవిలో అక్కడ మిరపకాయలు ఆరబెట్టి, దంచి, చుట్టుపక్కల ఇళ్లకు కారం ఇచ్చేదాన్ని. డాబా మీద పడ్డ వాన పైపుల్లోంచి నేల కింది సంపులోకి దిగాలంటే అక్కడ ఏమీ ఉండకూడదట.

మావారు కోడలి పక్షం చేరారు. పైపులు బిగించారు, మధ్యలో ఇసుకా గులకరాళ్లూ నింపిన డ్రమ్ము పెట్టించారు. నేను మాత్రం చివరి విడత కాయలు ఎత్తలేదు. వానకు ఇంకా వారం ఉందనుకున్నాను.

"అత్తమ్మా, మొదటి వాన సంపులకు పోవద్దు. దుమ్మంత కొట్టుకొస్తది. మబ్బు వట్టంగనే ఈ పైపు మూత తీసెయ్యుండ్రి, నీళ్లు బయటి మోరీలకు పోతయి," అంది కోడలు. అదే చీటీ మీద రాసి గోడకు అతికించింది. నాకప్పటికి అక్షరాలు రావు. అయినా తప్పు చీటీది కాదు, నోటితోనూ చెప్పింది కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంట్లో నేనొక్కదాన్నే. ఉరుము వినగానే మెట్లెక్కి పరిగెత్తాను. ఆ మూత పక్క నుంచే వెళ్లాను. చేతులు కాయల మీదికే పోయాయి. సగం బస్తాకెత్తేసరికి మిగతా సగం తేలుతూ పైపు వైపు సాగిపోయింది. గింజలను ఇసుక ఆపింది, ఘాటును ఆపలేదు.

మర్నాడు పొద్దున స్నానాల గదిలోంచి మావారి కేక.

"ఏందే ఇది! నీళ్లా, పులుసా? మొఖమంత మండుతుంది!"

"గడ్డం గీస్కొని పోస్కున్నరా?"

"ఆఁ!"

"మరి మండదా?"

కోడలు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బడికి సెలవు పెట్టి, చీర ఎగ్గట్టి, సంపు నీళ్లు తోడి మోరీలో పోయడం మొదలుపెట్టింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. నేనూ బకెట్టు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

సంపు అడుగు కనబడ్డాక, మిగిలిన కాయలు ఎదురింటి డాబా మీదికి మోసుకెళ్లాను. ఏడాదికి సరిపడా కారం ఇస్తానంటే వాళ్లు సరేనన్నారు. తిరిగొచ్చి మా డాబా మూడుసార్లు కడిగాను.

తర్వాతి రెండు వానలూ మోరీలోకే వదిలాం. మూడోది సంపులోకి దిగింది. ఆ నీళ్లతో కందిపప్పు వండాను. బోరు నీళ్లలో ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండే పప్పు, గరిటె తగిలితే చాలు మెదిగిపోయింది.

కోడలు రెండోసారి వడ్డించుకుంటూ, "డాబా కడుగుడు ఇంక నేను చూస్కుంట అత్తమ్మా. మీకు మోకాళ్ల నొప్పులు," అంది.

"డాబా నాది," అన్నాను. "నీ చెప్పులు సుత కిందనే ఇడిసి ఎక్కు."