ముందు పేరు అడిగే మనిషి

2006 ఆగస్టు, శుక్రవారం. మా అల్లుడు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. అతని పని చేతికి తీసుకోవడానికి సోమవారం ఆసుపత్రి నుంచి మా ఇంటికి కొత్త మనిషి వస్తున్నాడు. ఆలోగా నాకు తెలిసింది రాసిపెట్టాలి. అతన్ని ఎరిగిన మన తెలుగు సంఘం వాళ్ళూ చదువుతారని సంఘం పత్రికకూ ఒక ప్రతి పంపుతున్నాను.

ఆసుపత్రి ఊరికి ఆ చివర. అల్లుడు ఈ చివర హూడిలో మా ముందుగదిలో కూర్చునే అక్కడి సర్వర్‌ను, అంటే ఆసుపత్రి పెద్ద కంప్యూటర్‌ను, చూసుకునేవాడు. అతను రాసిన స్క్రిప్టులు, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల వరసలు, ఇక్కడ ఒకసారి మీట నొక్కి పెడితే అక్కడ రోజూ వేళకు వాటంతటవే నడిచేవి, రక్తపరీక్షల ఫలితాలు వార్డులకు చేరేవి.

మొదటి ఏడాదే ఒక తప్పు జరిగింది. ఇంటి కంప్యూటర్ ఆపబోయి ఆసుపత్రిది ఆపేశాడు.

"మళ్ళీ నొక్కప్పా," అన్నాను.

"ఈడ నుంచి ఆపేకైతాది గానీ లేపేకి కాదత్తా. మనిషి పోవాల్సిందే."

బస్సు పట్టుకుని పోయాడు. ఫలితాల కోసం జనం వరుసలో నిలబడే ఉన్నారట. తప్పు తనదేనని వాళ్ళకే చెప్పాడు. ఒక ముసలాయన, "చెప్పింది చాలు, పని చూడప్పా," అన్నాడట.

ఆనాటి నుంచి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అది ఇంటిదో ఆసుపత్రిదో తేలడానికి, ముందు అవతలి యంత్రాన్ని దాని పేరు అడిగేవాడు. తెర మీద వచ్చిన పేరు పైకి చదివేవాడు. నేను నోటుబుక్కులో వేళతో సహా రాసుకుని "సరే" అన్నాకే తర్వాతి ఆదేశం. ఒకసారి అడగకుండా ముందుకు పోతే కలం కింద పెట్టేశాను.

"నిన్ననే అడిగితిమి కదత్తా, రాత్రికి రాత్రి పేరు మారతాదా?"

"నిన్నటి హాజరు ఇవాళ వేస్తామా?" ముప్పై ఏళ్ళు బడిలో హాజరు పిలిచినదాన్ని.

నవ్వి, మళ్ళీ అడిగాడు. వంటింట్లోంచి మా అమ్మాయి, "మీ ఇద్దరికీ ఆ మిషన్‌తోనే సంసారం," అంది. ఇప్పుడు ఆ పిల్ల ముందుగదిలోకి రావడం లేదు.

అతను సర్వర్‌లోకి వెళ్ళే లాగిన్ పేరును వెంటనే తీసేస్తామని ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు. నియమం అదే, తప్పు పట్టను. కానీ స్క్రిప్టులన్నీ అతని పేరు మీదే నడుస్తున్నాయి. పేరు తీస్తే అవీ ఆగుతాయి. ఆ మాట చెబితే సోమవారం దాకా గడువిచ్చారు. ఆ పేరు ఇంకొన్నాళ్ళు అక్కడ ఉంటే బాగుండునని నాకూ ఉంది. అది పనికి సంబంధించిన కారణం కాదు కనుక వాళ్ళకు చెప్పలేదు.

సోమవారం జరగవలసినవి:

1. కొత్త మనిషి నా ఐదు నోటుబుక్కులూ చదవాలి. అంతవరకు ఏదీ నొక్కకూడదు.
2. స్క్రిప్టులు ఒక్కొక్కటే కొత్త మనిషి పేరు మీదికి మారాలి.
3. ఫలితాలు చేరాయని వార్డు నర్సు ఫోన్లో చెప్పాలి.
4. ఆ తర్వాతే అల్లుడి పేరు తీయాలి. ఆ మీట తనే నొక్కుతానని మా అమ్మాయి అంది. ఆమె చెయ్యి కీబోర్డు మీదికి వచ్చేదాకా ఎవరూ తొందరపెట్టకూడదు.