షుగర్ లేని తీపి

బట్టల కార్ఖానాలో అతన్ని అందరూ చేదు మాస్టారనేవారు. దొంతరగా పరిచిన గుడ్డ మీద సుద్దతో గీసి మిషన్‌తో కోసే కటింగ్ మాస్టర్ అతను. టీలో పంచదార పడితే నోట పెట్టడు. పండు తిన్నా కడుపులో దేవుతుందని చిన్నప్పుడే మానేశాడు.

"మాస్టారూ, మీ పెళ్లిలో కూడా కారమే పంచారా?" అని కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్లు ఆటపట్టించేవారు. నవ్వి తన పని చూసుకునేవాడు. ఎందుకు పడదో ఏ డాక్టరూ అడగలేదు. పేదవాడి నాలుక గోల ఎవరికి కావాలి?

కూతురికి రెండేళ్లు. పళ్లరసం పడితే కక్కేసేది. రోజురోజుకీ పాలిపోతుంటే మూత్రం పరీక్ష చేయించారు. అందులో చక్కెర ఉందన్నారు.

"షుగరొచ్చిందే నా తల్లికి!" అని ఇంట్లో పాపని చూసుకునే అత్తగారు గుండెలు బాదుకుంది. ఇంట్లో ఎవరూ ఆ మాటని ఎదురు ప్రశ్నించలేదు. షుగర్ రోగుల కోసం అమ్మే తీపి సిరప్ ఆవిడే కొని తెచ్చి, పాలలో కలిపి బుజ్జగించి తాగించింది.

మర్నాటికి పాప ఒళ్లు చల్లబడింది. పిలిస్తే కళ్లు తెరవలేదు. ఆసుపత్రికి ఎత్తుకెళ్లారు.

"రక్తంలో చక్కెర అడుగంటింది, మూత్రంలో మాత్రం పోతోంది. ఇది మీరనుకునే షుగర్ కాదు" అంది డాక్టరమ్మ. "పళ్లలోనూ పంచదారలోనూ ఉండే తీపిని అరిగించుకునే శక్తి పుట్టుకతోనే లేదు. అరగని సరుకు విషమై కిడ్నీలోని సన్నని గొట్టాల్లో పేరుకుంటోంది. ఒంటికి కావలసిన చక్కెరనీ లవణాలనీ తిరిగి రక్తంలోకి లాగాల్సినవి అవే. సత్తువ చచ్చి అన్నిటినీ వదిలేస్తున్నాయి. ఆ సిరప్ కూడా లోపలికెళ్లి అదే తీపిగా మారుతుంది."

"కిడ్నీలు పోయినట్టేనా అమ్మా?" అని అడిగాడతను.

"తీపి పూర్తిగా ఆపితే కోలుకోవచ్చు. మళ్లీ పడితే నేను చెప్పలేను. ఇంట్లో ఎవరికైనా తీపి పడదా?"

 "నాకే" అన్నాడతను.

"ఈ లోపం మీ ఒక్కరి నుంచే రాదు. తల్లి వైపు కూడా బయటపడకుండా ఉండి ఉంటుంది."

కొన్ని వారాలకి పాప లేచి తిరిగింది. మూత్రంలో చక్కెర లేదన్నారు. అత్తగారు పాపని ఎత్తుకుని ముద్దులాడింది.

"షుగరు పోయిందిగా అల్లుడూ! ఇంక కాస్త తీపి నాకించనా?"

అతను ఆవిణ్ణి కూర్చోబెట్టాడు. డాక్టరమ్మ చెప్పిందంతా మొదటినుంచీ చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది.

"సరేలే నాయనా, పంచదార పెట్టను. పళ్లరసం అయితే పర్లేదుగా?"

ఆ రోజు అతను కార్ఖానాకి వెళ్లలేదు. మర్నాడు అతనికీ భార్యకీ ఇద్దరికీ పాపని అత్తగారి దగ్గరే వదిలి పనికి వెళ్లక తప్పలేదు.