జాబితాలో లేని సూది

మా అక్క రోజుకు మూడు బిందెల నీళ్ళు తాగేది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వేటోళ్ళు. ఆ నవ్విన మొఖాలు నాకు ఇయ్యాల్టికీ యాదికున్నయి.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు అక్కకు మెదడు జ్వరం వచ్చింది. అప్పటికి ఆమెకు పెండ్లయి రెండేండ్లు. బషీరాబాద్ దిక్కు ఒక ఊర్లె, సగం మంది కన్నడం మాట్లాడే ఊర్లె, మా బావతోపాటు కూలికి పోయేది. పదకొండు రోజులు తెలివి లేకుండ పడున్నది. బతకదనుకున్నం. బతికింది. లేచి కూసున్ననాడు నీళ్ళు అడిగింది. ఇగ ఆ అడుగుడు ఆగలేదు.

తాగిన నీళ్ళు తాగినట్టే బయటికి పోతుండె. కలుపు తీస్తుంటే సాలు మధ్యల లేచి పోవాలె, వచ్చి మల్ల ముంత ఎత్తాలె. కూలి ఇచ్చేది పని చేసినందుకా, నీళ్ళు తాగినందుకా అని పని చేయించేటాయన అడిగేవాడట. అత్తగారింట్ల మొదట దయ్యమన్నరు, వేపమండలతోని కొట్టించిండ్రు. తర్వాత ఒళ్ళు వంగక ఏసే వేషాలన్నరు. రెండు ఎండాకాలాలు చూసి బావ ఆమెను బండి ఎక్కించుకొని తెచ్చి మా వాకిట్ల దింపిండు. బావ చెడ్డోడు కాదు. తల వంచుకొని నిలబడి, మా ఊరి బావి ఆమెకు చాలుతలేదు అత్తమ్మా అని మా అవ్వతోని చెప్పి పోయిండు.

మా ఇంటికాడ మాత్రం నీళ్ళు ఏడున్నయి? మా వాడకు ఒకటే చేదబావి. ఎండాకాలం వస్తే అడుగున బురద కనపడేది. ఊరి బావి మాకు దూరం. దూరమంటే నడక దూరం కాదు. ఎవరన్న మనసొప్పి చేది పైనుంచి మా బిందెల పోస్తేనే మాకు ఆ నీళ్ళు. మా అవ్వ ఆ బావి కాడ గంటలు గంటలు నిలబడేది. ఆమె కాళ్ళ వాపులు నేను చూసిన.

అవ్వ, నాయిన ఇద్దరూ కూలోళ్ళే. నన్ను మాత్రం మిషనోళ్ళ బడిల ఏసిండ్రు. ఆ చదువుతోనే నర్సు పని నేర్చుకున్న. రాష్ట్రం మారి మా తాలూకా గుల్బర్గా జిల్లా నుంచి హైదరాబాదు జిల్లాకు వచ్చిన కాలంల, తాండూరుకు దగ్గర్ల ఒక చిన్న సర్కారు దవాఖానల నాకు నౌకరి అయింది. అప్పటికి నాయిన లేడు. అవ్వను, అక్కను తెచ్చుకొని దవాఖాన వెనక గదిల కాపురం పెట్టిన.

ఇగ అక్క రోగం కుదురుతదని నేను ఎంత సంబరపడ్డనో! చేరిన వారానికే ఆమె మూత్రం పరీక్ష చేయించిన. చక్కెర రోగమైతే నీలి మందుల వేసి కాస్తే ఇటుక రంగు కావాలె. కాలేదు, నీలంగనే ఉన్నది. మా పెద్ద డాక్టరు ఆ గాజు గొట్టం వెలుతురుకు పట్టి చూసి, ఏం రోగం లేదు, అలవాటు, మెల్లమెల్లగ తగ్గించమన్నడు. నేను నమ్మిన. చదువుకున్నదాన్ని కద, డాక్టరు మాట నమ్మకుంటనా? అక్కను తిట్టిన. ఒకనాడు బిందెల నీళ్ళు పారబోసి, గదికి తాళం పెట్టి డ్యూటీకి పోయిన. పొద్దుగూకి వచ్చి చూస్తే ఆమె గోడకు ఒరిగి కూసున్నది. పెదవులు పగిలి నెత్తురు కారుతున్నది. అయినా నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండు.

రెండేండ్లకు ఇంకో డాక్టరు వచ్చిండు, చిన్న వయసాయన. అక్క చెప్పిందంత కుర్చీ దగ్గరికి జరుపుకొని విన్నడు. ఆమె మాటలు అట్ల విన్న మొదటి మనిషి ఆయన. ఇది వెయ్యి మందిల ఒకరికి కూడ రాని రోగం, నేను పుస్తకంల చదివిన గానీ కండ్లతోని చూడలేదు అని, హైదరాబాదుల పెద్ద దవాఖానకు చిట్ఠీ రాసి ఇచ్చిండు.

పొద్దుగాల్ల తాండూరుల రైలు ఎక్కినం. వెంట రెండు చెంబుల నీళ్ళు తెచ్చుకున్నం. వికారాబాద్ రాకముందే రెండూ అయిపోయినయి. అక్కడ రైలు ఆగంగనే అక్క చెంబు పట్టుకొని నల్లా కాడికి ఉరికింది. గార్డు పచ్చజెండా ఊపినా రాదు, చెంబు నిండే దాక రాదు. నేను దిగి రెక్క పట్టుకొని గుంజుకొచ్చిన. ఎక్కినంక డబ్బాల ఉన్నోళ్ళందరు మమ్ముల్నే చూసిండ్రు.

పెద్ద దవాఖానల పరీక్ష ఏందంటే, పొద్దుగాల్ల నుంచి చుక్క నీళ్ళు ఇయ్యకుండ గంట గంటకు బరువు తూచుడు, మూత్రం కొలుచుడు. నువ్వు నర్సువే కద, నువ్వే చూసుకో అని కాపలాకు నన్నే పెట్టిండ్రు. పరీక్ష మొదలై మూడు గంటలు దాటినంక అక్క కండ్లు గుంతలు పడ్డయి. నేల తుడిచే ఆమె పక్కకు తిరిగితే, బకెట్ల నానిన గుడ్డను అక్క నోట్లె పెట్టుకోబోయింది. నేను చేతుల నుంచి గుంజుకున్న. దోసిలి పట్టి, ఒక్క గుక్క చెల్లె, ఒక్క గుక్క అని అడుక్కున్నది. పరీక్ష చెడిపోతదని నేను మొఖం తిప్పుకున్న.

మధ్యాహ్నం సూది ఇచ్చిండ్రు. తల లోపల శనగగింజంత గ్రంథి ఒకటి ఉంటదట. ఒంట్ల నీళ్ళను నిలిపేది అదేనట. జ్వరానికి అది చెడిపోయింది. ఆ గ్రంథిల ఊరే రసాన్నే జంతువుల నుంచి తీసి, నూనెల కలిపి, సన్నటి గాజు బుడ్డిల పోసి పెట్టిండ్రు. బుడ్డి అడుగున గోధుమరంగు మడ్డి లెక్క ఉంటది. మందంత దాంట్లనే ఉన్నది. బుడ్డిని అరచేతుల వెచ్చగ చేసి, మడ్డి కలిసే దాక ఊపి, అప్పుడు సూది ఇయ్యాలె.

సాయంత్రం అక్క మంచం మీద లేచి కూసున్నది. పక్కన నిండు చెంబు ఉన్నది. దాన్ని ముట్టలేదు. నాలికతోని పెదవులు తడిమి చూసుకున్నది.

"చెల్లె, నా నోట్లె ఉమ్మి ఊరుతున్నది," అన్నది.

పదేండ్ల తర్వాత. ఉమ్మి ఊరుడు కూడ ఒక సుఖమని ఆమె మొఖం చూసి తెలుసుకున్న. ఒక్క సూదికి రెండు దినాలు మామూలు మనిషి అయితది. జీవితమంత తీసుకోవాలె. పెద్ద డాక్టర్లు ఆరు బుడ్డీలు చేతుల పెట్టి, మిగిలినవి మీ ఊరి దవాఖాననే తెప్పించి ఇస్తదని కాగితం రాసిండ్రు.

ఆ కాగితం నేను ఎంత జాగ్రత్తగ మడిచి తెచ్చుకున్ననో. మా దవాఖానల మూడు నెలలకోసారి కావలసిన మందులు రాసి పైకి పంపాలె. ఇండెంట్ అంటరు. దాన్ని రాసేదాన్ని నేనే. అడుగున ఈ సూది పేరు కూడ రాసిన. చిన్న డాక్టరు సంతకం చేసిండు. నెల దాటినంక తిరిగి వచ్చింది. ఆ ఒక్క వరుస మీద ఎర్రసిరా గీత, పక్కన "జాబితాలో లేదు" అని రెండు మాటలు. మల్ల పంపిన, హైదరాబాదు కాగితం నకలు జతపెట్టి. మల్ల ఎర్రగీత. మూడోసారి చిన్న డాక్టరు రెండు పేజీల ఉత్తరం రాసిండు. దానికి జవాబు రాలేదు. ఆయనకు బదిలీ ఉత్తర్వు వచ్చింది.

అదే ఏడు మా దవాఖానకు మేము అడగని బలం మందు సీసాలు నాలుగు పెట్టెలు వచ్చినయి. గడువు ఇంకో నెలే ఉన్నది. పంచినకాడికి పంచి, మిగిలినవి వెనక గుంత తవ్వించి పూడ్చినం. పూడ్చినట్టు రిజిస్టర్ల నేనే రాసిన. ఆ సీసాలు జాబితాల ఉన్నయి మరి.

మా మీది ఆఫీసరు తనిఖీకి వచ్చి వికారాబాద్ డాక్ బంగళాల దిగిండని తెలిసి, ఒకరోజు సెలవు పెట్టి పోయిన. వరండాల రెండు గంటలు నిలబడ్డంక పిలిచిండు. సమ్జాయించి చెప్పిన. ఆయన కోపం చేయలేదు. నెమ్మదిగ, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పిండు. సర్కారు దగ్గర ఉన్న పైకం ఇంతేనట. చలిజ్వరం ఉన్నది, క్షయ ఉన్నది, మశూచి ఉన్నది, అవి లక్షల మందికట. ఒక్క మనిషి కోసం జాబితా మారిస్తే రేపు ఇంకొకరు వస్తరట. అంత వరకు నేను విన్న. క్షయ రోగులను నేను చూడలేదా, వికారాబాద్ గుట్ట మీది క్షయ దవాఖానకు దగ్గుకుంట ఎక్కేటోళ్ళను? వాళ్ళ మందు గుంజి మా అక్కకు పెట్టమని నేను అడుగుతలేను. ఆ మాటే అన్న.

ఆయన నా కాగితాలు తిరిగి ఇచ్చుకుంట అన్నడు: "అయినా మీ అక్కగారికి ప్రాణభయం లేదు కదమ్మా. నీళ్ళు తాగుతుంటే సరిపోతుంది. నీళ్ళకు ఎవరూ డబ్బు అడగరుగా."

బల్ల మీద ఆయనకోసం గాజు కూజల నీళ్ళున్నయి, మీద లేసు గుడ్డ కప్పి. మా అవ్వ కాళ్ళ వాపులు ఆయనకు చూపియ్యాలె అనిపించింది. వేపమండల వాతలు చూపియ్యాలె అనిపించింది. కాగితాలు తీసుకొని నమస్తే పెట్టి వచ్చిన. ఆ నమస్తే పెట్టిన చేతుల మీద నాకు చాన రోజులు కోపముండె.

చిన్న డాక్టరు పోయిన ఊరు నుంచి అప్పుడప్పుడు ఒకటి రెండు బుడ్డీలు పంపేటోడు. నేనూ హైదరాబాదు పోయేటోళ్ళతోని కొన్నిసార్లు తెప్పించిన. ఏడాదికి పది అయితే గొప్ప. ఏ రోజు సూది తీసుకోవాలె అనేది అక్కనే చెప్పేది. బస్సుల పోవాల్సినప్పుడు, మిషనోళ్ళ గుడిల ఆరాధన పొడుగున్నప్పుడు. ఒక ఏడు కంది కోతలప్పుడు వచ్చి, రేపు నాకు సూది ఇయ్యి అన్నది. ఎందుకంటే, అందరితోని సమానంగ ఒక సాలు మొదలు నుంచి కొస దాక లేవకుండ కోయాలట. మరునాడు ఇచ్చిన. సాయంత్రం చేతులు గీరుకపోయి, ఎండకు మొఖం నల్లబడి వచ్చింది. ఇద్దరిని దాటి కోసిన అని మూడుసార్లు చెప్పింది. ఒక సర్కారు నెలకు పదిహేను సూదులు ఇయ్యలేక ఇట్లాంటి మనిషిని ఇంట్ల కూసోబెట్టింది.

ఆ తర్వాతి ఎండాకాలం. నన్ను మశూచి టీకాల డ్యూటీ మీద పరిగి దిక్కు ఊర్లకు పంపిండ్రు. నేను లేని రెండో నాడు అక్కకు కడుపునొప్పి, వాంతులు మొదలైనయట. అవ్వ ఆమెను ఒక పెద్ద సర్కారు దవాఖానకు తోలుకపోయింది. అది ఏ ఊరిదో రాయను. కడుపు కోయాల్సి వస్తదేమోనని అక్కడి డాక్టరు నోటికి ఏమీ ఇయ్యొద్దని చీటీ రాసిండు. రోగం సంగతంత నేను ముందే ఒక కాగితం మీద రాసి అవ్వ కొంగుకు కట్టి పెట్టిన. అవ్వ అది చూపించిందట. కేసు షీటు కింద పెట్టిండ్రు. ఎవరూ చదవలేదు. పక్క తడుపుతున్నదని ఆయా చెంబు కూడ తీసేసింది. అవ్వ అందరి కాళ్ళు పట్టుకున్నది. చీటీ ఉన్నదమ్మా, మేమేం చేస్తం అన్నరట.

నాకు కబురు అంది, బస్సులు మారి నేను చేరేసరికి మరునాడు మధ్యాహ్నం. అక్క నాలిక ఎండిన తోలు లెక్క ఉన్నది. కండ్లు తెరిచే ఉన్నయి గానీ నన్ను ఆనవాలు పట్టలేదు. కడుపు ఒత్తి చూసిన, మెత్తగ ఉన్నది. వాంతులు ముందటి నాడే ఆగినయని అవ్వ చెప్పింది. డాక్టరు ఏడని అడిగితే భోజనానికి పోయిండన్నరు. నేను బయట కుండల నుంచి నీళ్ళు తెచ్చి, తల ఎత్తి పట్టి, చెంచాతోని పోసుడు మొదలుపెట్టిన. వార్డు నర్సు ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది, ఆర్డరు ఉన్నదని చెప్పింది.

"నా పేరు రాసుకో," అన్న. "నేను ఇచ్చిన అని రాసుకో."

ఆమె రాసుకున్నది. నేను పోస్తనే ఉన్న. పొద్దు వంగేవరకు రెండు చెంబులు దిగినయి. అప్పుడు అక్క నా దిక్కు తిరిగి, వచ్చినవా అన్నది. మూడు రోజులకు ఇంటికి తీసుకపోయినం. కడుపు కోసే పనేమీ పడలేదు.

నెల లోపల నాకు మెమో వచ్చింది. డ్యూటీల లేని దవాఖానల జొరబడి, డాక్టరు ఉత్తర్వు మీరి రోగికి నీళ్ళు పట్టినందుకు ఎందుకు సస్పెండ్ చేయకూడదో వారంల చెప్పాలె. మందు కోసం రాస్తే ఏండ్లకేండ్లు జవాబు లేదు, దీనికి నెల పట్టలేదు. మొదటి జవాబు నాలుగు పేజీలు రాసిన. ఉన్నదున్నట్టు రాసిన. రోగం పేరు, సూది పేరు, ఎర్రగీతలు, చెంబు తీసేసిన ఆయా. ఆఫీసుల పనిచేసే గుమాస్తా ఒకాయన మంచోడు, అది పైకి పంపకుండ నాకే తిరిగి ఇచ్చిండు. ఇది పోతే నీ నౌకరి పోతది బిడ్డా, క్షమాపణ రాసియ్యి అన్నడు.

నా జీతం మీద ముగ్గురం బతుకుతున్నం. రెండు రోజులు కాగితం ముందట పెట్టుకొని కూసున్న. మూడో నాడు అక్క వచ్చి పక్కన కూసున్నది.

"రాయి చెల్లె," అన్నది. "నాకు నీళ్ళు దొరికినయి గద."

రాసిన. ఆరు వరుసలు. నన్ను బొంరాస్‌పేట దిక్కు మార్చిండ్రు. అవ్వ, అక్క నాతోనే వచ్చిండ్రు. అక్కడ కూడ ఇండెంట్ రాసే పని నాదే అయింది. అడుగున ఆ సూది పేరు రాసుడు నేను మానలేదు, వాళ్ళు గీత కొట్టుడు మానలేదు.

ఆ క్షమాపణ కాగితం ఆ ఆఫీసుల ఏదో కట్టల ఇంకా ఉండే ఉంటది. రోగికి నీళ్ళు ఇచ్చుడు తప్పే అని దాంట్ల నా చేతిరాతతోని ఉన్నది. ఇంకెన్నడూ ఇట్ల చేయనని కూడ ఉన్నది. అది అబద్ధం. తప్పు అని రాసిన మాట అంతకన్న పెద్ద అబద్ధం. దాన్ని నా చేత రాయించుకున్నోళ్ళను నేను ఇయ్యాల్టి దాక క్షమించలేదు.